చారిత్రక కట్టడాల మరమ్మతుకు డిజిటల్ భవన నమూనా ఎంతవరకు పనికొస్తుంది?

కంప్యూటర్‌లో తయారుచేసిన నమూనా వల్ల పాత కట్టడానికి నిజంగా మేలు జరుగుతుందా అన్న ప్రశ్నకు ప్యారిస్‌లోని నోత్రదామ్ కేథడ్రల్ మంచి ఉదాహరణ. 2010లో ఆండ్రూ టాలన్ అనే కళాచరిత్రకారుడు లేజర్ స్కానర్‌తో ఆ కట్టడాన్ని కొలిచి, దాని ఉపరితలం మీద వంద కోట్లకు పైగా బిందువుల స్థానాలను నమోదు చేశారు. పడమటి వైపు లోపలి స్తంభాలు ఒకే వరుసలో లేవన్న సంగతి ఆ కొలతల్లో స్పష్టంగా కనిపించింది. మామూలు నక్షా అయితే వాటిని తిన్నగానే చూపించి ఉండేది. 2019 ఏప్రిల్ 15న పైకప్పు కాలిపోయాక, అంతకుముందు తీసిన స్కాన్లను, ప్రమాదం తర్వాత తీసిన వాటిని ఆధారం చేసుకుని పునర్నిర్మాణానికి డిజిటల్ నమూనాలు రూపొందించారు.

బిందువులు పోగైనంత మాత్రాన నమూనా సిద్ధమైనట్టు కాదు. ప్రతి కమానునూ, దూలాన్నీ విడివిడిగా గుర్తించి, అది ఏ రాయి లేదా కలప, ఏ కాలానిది, ఎక్కడ బీటవారింది, ఎప్పుడు బాగుచేశారు అన్న వివరాలను దానికి జతచేయాలి. ఇలాంటి నమూనాలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ ప్రధానంగా కొత్త భవనాల కోసం పుట్టింది కనుక, ఒరిగిన గోడను నిటారుగా గీసేయడమే అందులో సులువు. నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద ప్రమాదం అదే, ఎందుకంటే పునాది కుంగిందని చెప్పే సాక్ష్యం ఆ ఒరుగులోనే ఉండవచ్చు. పైగా లేజర్‌కు రాతి ఉపరితలమే తప్ప లోపలి తేమ కనిపించదు. నోత్రదామ్ ఓక్ దూలాలను తిరిగి నిలబెట్టడానికి, 2014లో ఇద్దరు ఆర్కిటెక్టులు స్వయంగా కొలిచి గీసిన చిత్రాలు కూడా ఎంతగానో అక్కరకొచ్చాయి.