పదేళ్ల పాపకి ఫాస్ట్‌పిచ్ సాఫ్ట్‌బాల్ బ్యాట్ ఎలా ఎంచుకోవాలి?

అమెరికాలో మీ పాప ఈ సీజన్ ఫాస్ట్‌పిచ్ (బంతిని కింది చేత్తో వేగంగా విసిరే సాఫ్ట్‌బాల్) టీంలో చేరిందని, ఏ బ్యాట్ కొనాలని అడిగారు. ముందు బరువు చూడండి. బ్యాట్ మీద ‘-10’ అని ఉంటే, పొడవు ఎన్ని అంగుళాలో దానికంటే 10 తక్కువ ఔన్సుల బరువని అర్థం. అంటే 29 అంగుళాల బ్యాట్ దాదాపు 19 ఔన్సులు తూగుతుంది. ఈ వయసులో చాలామందికి -11, -12 తేలిగ్గా ఉంటాయి.

షాపులోనే పాపని ఒంటి చేత్తో పిడి పట్టుకుని, చెయ్యి పక్కకి చాచి అర నిమిషం నిలబడమనండి. భుజం వణికినా, బ్యాట్ కొస కిందికి వాలినా అది తనకి బరువే. వచ్చే ఏడాదికీ పనికొస్తుందని పెద్దది కొంటాం కదా, బట్టలకైతే సరే, బ్యాట్‌కి మాత్రం దయచేసి వద్దు. బరువు బ్యాట్ తిప్పేలోపే బంతి దాటిపోతుంది. నాలుగుసార్లు అలా అయితే పిల్లకి ఆట మీదే విసుగొస్తుంది.

ఇంట్లో వాళ్లన్నయ్య బేస్‌బాల్ బ్యాట్ ఉన్నా అది కుదరదు, సాఫ్ట్‌బాల్ బ్యాట్ లావు రెండుంపావు అంగుళాలు దాటకూడదు. బ్యాట్ మీద ఉండే యూఎస్ఏ సాఫ్ట్‌బాల్, యూఎస్ఎస్ఎస్ఏ అనే క్రీడాసంస్థల ఆమోద ముద్రల్లో మీ లీగ్ దేన్ని ఒప్పుకుంటుందో కోచ్‌ని అడగండి.

మొదటి బ్యాట్‌గా అల్యూమినియం చాలు. కాంపోజిట్ (కార్బన్ ఫైబర్ లాంటివి కలిపి చేసిన బ్యాట్) ఖరీదెక్కువ, పైగా చలిలో ఆడితే పగలొచ్చు.