యానాం ఫ్రెంచివారి బాయ్‌నెట్టా? కాదు, ఇషాపూర్‌లో తయారైనది

రాజోలు మిత్రులకు నమస్కారం. తాతగారి ట్రంకు పెట్టెలో దొరికిన బాయ్‌నెట్టు (తుపాకీ కొనకు తగిలించే కత్తి) యానాం ఫ్రెంచివారిదని మీ పెద్దలు అంటున్నారన్నారు. ఫొటోలను బట్టి అది కాదు. ఫ్రెంచివారి పేరుమోసిన లెబెల్ తుపాకీ బాయ్‌నెట్టుకు నాలుగు పలకల సూది వంటి సన్నని ములుకు ఉంటుంది; మీది కత్తిలా చదునైన అలుగు. పిడికి పైన, అలుగు మొదట్లో కిరీటం కింద కనబడుతున్న ‘ఆర్.ఎఫ్.ఐ.’ అక్షరాలు కలకత్తా దగ్గరి ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీవి, పక్కనున్న ‘43’ తయారైన సంవత్సరం.

మీది బ్రిటిషువారి 1907 నమూనా రకం; ఆ నమూనా అలుగు 17 అంగుళాలు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో మన దేశంలో దాన్ని 12 అంగుళాలకు కుదించారు. పాతదాన్ని కోసి పొట్టి చేస్తే రక్తపు గాడి అని జనం పిలిచే పల్లం దాదాపు మొనదాకా సాగుతుంది. (ఆ పల్లం నెత్తురు కోసం కాదు, బరువు తగ్గించడానికి.) మీదానికి పల్లమే లేదు కనుక మొదటినుంచీ పొట్టిగానే చేసినది.

బాయ్‌నెట్టుతో ఉన్న తోలు పట్టీని ఫ్రాగ్ అంటారు. పై మడతలో నడికట్టు దూరుతుంది, కింద ఒర నిలుస్తుంది. రాగి రివెట్ల చుట్టూ పట్టిన ఆకుపచ్చ చిలుమును పుల్లతో మెల్లగా గీకండి. కొబ్బరినూనె మాత్రం రాయవద్దు, మన తేమకు బూజు పడుతుంది. అలుగును గరుకు కాగితంతో రుద్దితే ముద్రలు పోతాయి. పలుచగా మెషిన్ ఆయిల్ పూసి, తోలుకు తగలకుండా విడిగా ఉంచండి. ఆయుధాల నిబంధనల్లో బాయ్‌నెట్టు పేరు ఉంది కనుక, అమ్మే ఆలోచన ఉంటే ముందు పోలీసు స్టేషనులో విచారించండి.