అరుగు తీసేస్తే అత్తయ్య ఎక్కడ కూర్చోవాలి?

ప్రశ్న: అక్కా, మాది మలికిపురం దగ్గర పల్లె, మావయ్య గారు కట్టించిన పెంకుటిల్లు. మా వారు కువైట్‌లో ఉంటారు. ఇక్కడ నేను, ఇద్దరు పిల్లలు, అత్తయ్య ఉంటాం. సంక్రాంతి వెళ్ళాక ఇంటి పని మొదలుపెట్టాం. ముందు గది, వసారా పెంకులు దింపేసి స్లాబ్ వేయడం, వంటిల్లు, బాత్రూమ్ లోపలికి తేవడం, అంతా టైల్స్. రెండు నెలల్లో అయిపోతుందన్నారు, నాలుగో నెల నడుస్తోంది, స్లాబ్ ఇంకా పడలేదు. ఒక్క గదిలో నలుగురం పడుకుంటున్నాం, వంట పెరట్లో రేకుల కింద, అన్నంలో కూడా సిమెంటు దుమ్మే. మా వారు రోజూ రాత్రి వీడియో కాల్‌లో చూసి ఈ టైల్ కాదు ఆ టైల్ అంటారు, డబ్బు పంపిన ప్రతిసారీ అప్పుడే అయిపోయిందా అంటారు. మొన్న ఆయనా మేస్త్రీ మాట్లాడుకుని వీధి అరుగు కొట్టేసి ఏటవాలుగా చేస్తే బండి లోపలికి ఎక్కుతుంది, రేపు కారు కొన్నా పనికొస్తుంది అనుకున్నారు. అత్తయ్యకి 74 ఏళ్ళు. అడిగితే "మీ ఇష్టం అమ్మా" అన్నారు. కానీ ఆ రోజు నుంచి పొద్దున్నే ఎదురింటి వాళ్ళ అరుగు మీదకి వెళ్ళి కూర్చుంటున్నారు, పిలిస్తే గాని భోజనానికి రావడం లేదు. నేను ఇల్లు పాడుచేస్తున్నానా అని నిద్ర పట్టడం లేదు. ఇంకోటి, గోడల అడుగు భాగం పొడిపొడిగా రాలిపోతోంది, పాత సున్నం అంతా చెక్కేసి సిమెంటు పూసి పుట్టీ పెడదామని మేస్త్రి అంటున్నాడు. చేయించమంటారా?

జవాబు: చెల్లెమ్మా, "అనుకున్నారు" అని రాశావు కాబట్టి అరుగు ఇంకా ఉందనే నా ఆశ. ఉంటే రేపు పొద్దున్న మేస్త్రి రాగానే ఆ ఒక్క పని ఆపమని చెప్పు, మిగతావన్నీ నడవనీ. ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానో అర్థం కావాలంటే మా ఇంటి సంగతి చెప్పాలి.

మాది ముమ్మిడివరం వైపు. 2009లో మేమూ ఇలాగే పెంకులు దింపి స్లాబ్ వేశాం. ఆ పెంకులు దించడం చూస్తే మా అత్తగారు తట్టుకోలేరని మా ఆయన ఆవిడని రెండు రోజులు మా ఆడపడుచు ఇంటికి పంపించేశారు. తిరిగొచ్చాక ఆవిడ పైకప్పు లేని గోడల మధ్య నిలబడి ఆకాశం వైపు చూసి "పీడ విరగడయింది" అన్నారు. మేం తెల్లబోయాం. అప్పుడు చెప్పారు, 1996 నవంబరు 6 రాత్రి తుఫాను గాలికి ఆ పెంకులు ఒక్కొక్కటే లేచిపోతుంటే, బయట కొబ్బరిచెట్లు విరిగి పడుతున్న చప్పుడు వింటూ, మా ఆడపడుచు పిల్లల్ని మంచం కిందకి తోసి తెల్లవార్లూ ఆ మంచం పట్టుకుని కూర్చున్నారట. మేం అప్పుడు ఉద్యోగాల కోసం వేరే ఊళ్ళో ఉన్నాం. తర్వాత పదమూడేళ్ళు కార్తీక మాసంలో గాలి కాస్త గట్టిగా వీస్తే చాలు ఆవిడకి నిద్ర లేదు. ఆవిడ చెప్పలేదు, మేం అడగలేదు, పెంకుటిల్లంటే ప్రాణం అని మాకు మేమే అనుకున్నాం.

పెంకులు పోయినందుకు ఏడుస్తారనుకున్న మనిషి ఏడ్చింది పెరటి గుమ్మం దగ్గర. ఆ గుమ్మానికి రెండు మెట్లుండేవి. నలభై ఏళ్ళు మధ్యాహ్నం పూట ఆ మెట్ల మీద కూర్చుని కత్తిపీటతో కూరలు తరిగారు, పక్క దొడ్లోంచి దడి తోసుకుని ఆవిడ తోటికోడలు వచ్చి ఎదురుగా కూర్చునేది, ఇద్దరూ ఎంతెంతసేపో మాట్లాడుకునేవాళ్ళు, ఒక్కోసారి ఏమీ మాట్లాడుకోకుండా కూడా కూర్చునేవాళ్ళు. మేం ఆ గుమ్మం మూసేసి అక్కడ బాత్రూమ్ కట్టాం, ఆవిడ సుఖం కోసమే. ఇక ఆ తోటికోడలు మా ఇంటికి రావాలంటే వీధంతా చుట్టి రావాలి, ఆవిడకీ డెబ్బై దాటాయి. కొన్నాళ్ళు వారానికోసారి వచ్చింది, తర్వాత మానేసింది. గుమ్మం మూసేటప్పుడు మా అత్తగారు అన్న మాట కూడా "మీ ఇష్టం" అనే.

అదొక్కటే కాదు. ఆ బాత్రూమ్ నీళ్ళు గదిలోకి రాకుండా గుమ్మానికి రెండంగుళాల ఎత్తున గ్రానైట్ గడప పెట్టించాం. పెద్దవాళ్ళు ఇంట్లో కళ్ళతో నడవరమ్మా, కాలి అలవాటుతో నడుస్తారు. ఒక రాత్రి పాత అలవాటున కాలు వేశారు, తట్టుకుని పడ్డారు, తుంటి ఎముక విరిగింది. ఆ తర్వాత కర్ర లేకుండా నడవలేదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా చెయ్యి ఆగిపోతోంది.

అందుకని మీ అత్తయ్యని "అరుగు ఉంచాలా, తీసేయాలా?" అని మళ్ళీ అడగకు, మళ్ళీ అదే జవాబు వస్తుంది. కొడుకు డబ్బు పంపి చేయించుకుంటున్న పనికి అడ్డు చెప్పకూడదని ఆవిడ అనుకుంటారు. నువ్వొక పని చెయ్యి. ఒక పొద్దున్న వంట కాస్త ఆలస్యమైనా పరవాలేదు, ఆ ఎదురింటి అరుగు మీదకే వెళ్ళి ఆవిడ పక్కన గంటసేపు కూర్చో. చేపల బుట్ట ఆవిడ ఎవరితో ఆగుతుందో, దింపు కూలీలు కాయలు ఎక్కడ కూర్చుని లెక్కపెడతారో, స్కూలు ఆటో ఎక్కే పిల్లలు ఎవరికి చెయ్యి ఊపుతారో చూడు. ఆవిడకి ఆ అరుగు ఒక కట్టడం కాదు, ఊరితో ఉన్న సంబంధం. ఇంట్లో ఆవిడకి ఎంత మంచి గది ఇచ్చినా టీవీ తప్ప పలకరించేది ఏముంటుంది? అలాగని ఆవిడకి పెంకుల మీద కూడా బెంగ ఉందేమో, లేక మా అత్తగారిలా స్లాబ్ కోసమే ఎదురుచూస్తున్నారేమో, అదీ మాటల్లో పెట్టి కనుక్కో. మనం ఊహించుకుని జాలిపడడం వేరు, తెలుసుకోవడం వేరు.

బండికి దారి కావాలి, అదీ న్యాయమే. మొత్తం కొట్టక్కర్లేదు. ఒక పక్క ఏటవాలు చేయించి, రెండో పక్క ఆరేడు అడుగుల అరుగు ఉంచండి. ఎత్తు కుర్చీ ఎత్తుకి, అడుగున్నర ఉంటే మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళు కూర్చోవడానికీ లేవడానికీ హాయి. పక్కన పట్టుకుని లేవడానికి ఒక గొట్టం బిగించమను. పైన మెరిసే గ్రానైట్ వద్దు, ఎండకి కాలిపోతుంది, వానకి జారుతుంది. మామూలు గచ్చు చాలు. లోపల కూడా అంతే, ఆవిడ నడిచే దారిలో గరుకు టైల్స్ వేయించు, గదికీ గదికీ మధ్య మెట్టు గాని గడప గాని కొత్తగా పెట్టనివ్వకు.

ఇక గోడలు. ఇక్కడ మాత్రం మేస్త్రి మాట వినొద్దనే చెబుతాను. మన లంక నేలల్లో తవ్వితే కొన్ని అడుగుల్లోనే నీళ్ళు. జూన్‌లో కాలవలు వదిలాక, వానలు పడ్డాక ఆ నీళ్ళు ఇంకా పైకొస్తాయి. పాత ఇళ్ళ పునాది మీద చెమ్మ పైకి ఎక్కకుండా అడ్డు పొర వేసే అలవాటు లేదు, కాబట్టి ఇటుక ఆ నీటిని వత్తిలా పీల్చుకుంటుంది, నీటితో పాటు ఉప్పు కూడా ఎక్కుతుంది, మీది సముద్రానికి దగ్గర ఊరు కాబట్టి ఆ ఉప్పు ఎక్కువే. సున్నం పూత ఆ చెమ్మని బయటికి వదిలేస్తుంది. అందుకే పొడిపొడిగా రాలుతుంది, రాలినా గోడ లోపల ఆరుతుంది. దాని మీద సిమెంటు, పుట్టీ, ఆయిల్ పెయింటు పూస్తే చెమ్మకి బయటికి దారి ఉండదు, ఇంకా పైకి ఎక్కుతుంది, రెండు మూడు వానాకాలాలకి నడుము ఎత్తున బుడగలు లేచి పెచ్చులు ఊడతాయి. మా ముందు గదిలో అచ్చం ఇదే జరిగింది, చెక్కించి మళ్ళీ చేయించాం. రాలిపోయిన భాగం వరకు తీసి మళ్ళీ సున్నం పూతే పూయించు, మీద వెల్ల వేయించు. సున్నం పని తెలిసిన పాత తాపీ మేస్త్రులు రాజోలు, అమలాపురం చుట్టుపక్కల ఇప్పటికీ ఉన్నారు, గుళ్ళ పనులు చేసే వాళ్ళని అడిగితే తెలుస్తుంది. గోడ బయట పక్క మట్టి ఎత్తుగా ఉంటే తీసేయించి, వాన నీరు గోడకి దూరంగా పోయేలా వాలు పెట్టించు. సగం జబ్బు దాంతోనే తగ్గుతుంది.

స్లాబ్ ఇంకా పడలేదన్నావు. ఇప్పుడు కాలవలు కట్టేసి ఉన్నాయి కదా, బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే ఆ నీళ్ళతో కాంక్రీటు కలపనివ్వకు, తడపనివ్వకు కూడా. ఉప్పు లోపలి ఇనుప చువ్వల్ని తినేస్తుంది, కొన్నేళ్ళకి స్లాబ్ అడుగున పెచ్చులు రాలి చువ్వలు కనిపిస్తాయి. ట్యాంకరుతో మంచినీళ్ళు తెప్పించు, అక్కడ పొదుపు చెయ్యొద్దు. పది రోజులకి తగ్గకుండా తడిపించు.

మీ వారి సంగతి. ఆ ఎండలో కష్టపడి పంపిన రూపాయి ఎక్కడికి పోతోందో తెలియకపోతే ఎవరికైనా టెన్షనే, ఆయన్ని తప్పు పట్టను. కానీ దుమ్ములో వండేది నువ్వు. శనివారం బట్వాడా అయ్యాక ఎంతమంది కూలీలు వచ్చారు, ఎన్ని బస్తాలు వాడారు, ఎంత ఇచ్చావు ఒక నోటు పుస్తకంలో రాసి ఆ పేజీ ఫొటో పంపించు. ఆలస్యం ఎందుకో కూడా అందులోనే రాయి, దాళ్వా కోతలకి కూలీలు వెళ్ళిపోయారని, ఇసుక దొరకలేదని. ఆయనకి అక్కడ గోడ కనిపిస్తుంది గాని ఇవి కనిపించవు. ముందు గది టైల్స్ ఆయన ఇష్టానికి వదిలెయ్. వంటింటి గట్టు మాత్రం నీ ఎత్తుకి సరిపడా, నువ్వు నిలబడి కొలిపించి కట్టించుకో, మేస్త్రి అలవాటు కొలత వద్దు. ఇరవై ఏళ్ళు అక్కడ నిలబడేది నీ నడుము.

నువ్వు ఇల్లు పాడుచేయడం లేదమ్మా. నిద్ర పట్టక ఆలోచిస్తున్న మనిషివి ఎలా పాడుచేస్తావు?

ప్రశ్న: పాలకొల్లు దగ్గర పల్లెలో రిటైర్డ్ టీచర్ని. రోడ్డు వేసిన ప్రతిసారీ పాత రోడ్డు మీదే కొత్తది పోసి పోసి మా ఇల్లు రెండడుగులు పల్లంలోకి పోయింది. వాన పడితే నీళ్ళు వాకిట్లోకి వస్తాయి. జాకీలు పెట్టి ఇల్లు లేపుతామని కొందరు వచ్చారు. పిల్లలేమో అమ్మేసి హైదరాబాద్ రమ్మంటున్నారు.

జవాబు: మాస్టారూ, జాకీల మీద ఇల్లు లేపడం మన వైపు ఇప్పుడు కొత్తేమీ కాదు, బాగా నిలబడ్డ ఇళ్ళు చాలానే చూశాను. ముందు మీ ఇంటి పునాది, గోడలు దేంతో కట్టారో చూసుకోండి. మట్టి అడుసుతో కట్టిన పాత గోడలైతే బీటలు తీసే ప్రమాదం ఉంది. లేపే వాళ్ళ మాట మీద కాకుండా, ఆ పనిలో లాభం లేని ఒక ఇంజనీరు చేత చూపించి నిర్ణయించండి. ఇల్లు ఒక్కటే లేపితే చాలదు, వాకిలి మెరక చేయించకపోతే నీళ్ళు అక్కడే నిలుస్తాయి. పంచాయతీలో మీ మాట చెల్లుతుంది కదా, ఈసారి రోడ్డు వేసేటప్పుడు పాతది తవ్వి వేయమని వీధి వాళ్ళందరి సంతకాలతో ఇప్పుడే అర్జీ పెట్టండి. అమ్మే సంగతి పిల్లల తొందర మీద వద్దు, రెండు నెలలు హైదరాబాద్‌లో ఉండి చూసి వచ్చాక మీరే తేల్చుకోండి.

ప్రశ్న: ఆంటీ, నేను జూన్‌లో పదో తరగతికి వెళ్తాను. మా ఇల్లు పని జరుగుతోంది. పొద్దుట్నుంచి టైల్స్ కోసే మిషన్ చప్పుడు. చదువుకోవడానికి చోటు లేదు. అడిగితే ఇల్లు నీకోసమే కదా అంటున్నారు నాన్న.

జవాబు: తల్లీ, నువ్వు అడిగింది తప్పు కాదు. పనివాళ్ళు పొద్దున్న తొమ్మిదికి ముందు రారు, సాయంత్రం ఆరుకి వెళ్ళిపోతారు, ఆ ముందూ వెనకా ఉన్న సమయం నీది చేసుకో. పుస్తకాలు మాత్రం గట్టి ప్లాస్టిక్ సంచిలో కట్టి పెట్టు, దుమ్ము దులుపుకోవచ్చు గాని సున్నం నీళ్ళు పడితే పేజీలు అతుక్కుపోతాయి. ఇంట్లో ఏదో ఒక గది, ఎంత చిన్నదైనా సరే, అన్నిటికంటే ముందు పూర్తి చేసి దానికి తలుపు బిగించాలి. నాన్నగారికి ఈ పేజీ చూపించు, ఆ గది స్కూళ్ళు తెరిచేలోపు నీకు ఇవ్వమని నేనే అడుగుతున్నానని చెప్పు.