నాన్నగారి కళ్లెలో సూడోమోనాస్ కనిపించింది

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది చిత్తూరు దగ్గర పల్లె. నాన్నగారికి 63 ఏళ్లు. ముప్పై ఏళ్లు బెల్లం గానుగ దగ్గర పొయ్యిలో చెరకు పిప్పి ఎగదోసే పని చేశారు. పన్నెండేళ్ల కిందట టీబీ వచ్చింది, మందులన్నీ వాడాక నయమైంది. ఇప్పుడు రోజూ పొద్దున అర గ్లాసు కళ్లె పడుతోంది. స్కాన్ చూసి బ్రాంకియెక్టాసిస్ అన్నారు. కళ్లెలోని క్రిములను పెంచి చూసే కల్చర్ పరీక్ష రిపోర్టులో ‘సూడోమోనాస్’ అనే క్రిమి ఉందని వచ్చింది. అది ఉన్నవాళ్లకు చావు ముప్పు మూడు రెట్లు ఎక్కువని మా బావగారు ఫోనులో చదివి చెప్పారు. అప్పటినుంచి అమ్మ సరిగ్గా అన్నం తినడం లేదు. నాన్నకు ఇక ఎన్నాళ్లు?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు మీ అమ్మగారికి అన్నం పెట్టి పక్కన కూర్చోండి. మీ బావగారు చదివింది అబద్ధం కాదు. అయితే సగమే చదివారు.

టీబీ తగ్గినా అది తిన్నచోట శ్వాసనాళాలు వదులైపోయి, గుంటలు పడిన కాలువలా మిగులుతాయి. దీన్నే బ్రాంకియెక్టాసిస్ అంటాం. నీరు పారని చోట నాచు పట్టినట్టు, కళ్లె కదలని చోట క్రిములు స్థిరపడతాయి. అవి నాళాన్ని ఇంకా పాడుచేస్తాయి, పాడైన నాళంలో కళ్లె ఇంకా నిలుస్తుంది. మన దేశంలో రెండు వేలమందికి పైగా బ్రాంకియెక్టాసిస్ రోగుల వివరాలు సేకరించి 2019లో ప్రచురించారు. వారిలో మూడో వంతుకు మించి పాత టీబీ వల్ల జబ్బుపడినవాళ్లే. వారి కళ్లెలో అన్నిటికన్నా ఎక్కువగా దొరికింది కూడా ఈ సూడోమోనాసే. మీ నాన్నగారిది అరుదైన దురదృష్టం కాదు.

ఇక ఆ మూడు రెట్లు. అనేక అధ్యయనాలను కలిపి చూసిన 2015 నాటి సమీక్షలో ఆ లెక్క ఉంది. ఆ క్రిమి లేని రోగులతో పోల్చి చెప్పిన మాట అది. ఫలానా మనిషి ఎన్నాళ్లు బతుకుతాడో అది చెప్పదు. 2018లో సుమారు 2,600 మంది రోగుల వివరాలతో వచ్చిన పరిశీలన నాకు ఇంకా విలువైనది. వయసు, ఊపిరితిత్తుల బలం వంటివన్నీ లెక్కలోకి తీసుకున్నాక, సూడోమోనాస్ తనంతట తానుగా చావు ముప్పు పెంచింది ఏడాదికి రెండుసార్లు గానీ అంతకుమించి గానీ జబ్బు తిరగబెట్టేవారిలోనే. కాబట్టి మీరు లెక్కపెట్టవలసింది నాన్నగారి రోజులను కాదమ్మా, ఏడాదిలో ఎన్నిసార్లు కళ్లె రంగు మారి, ఆయాసం పెరిగి మంచాన పడ్డారన్నది. ఆ లెక్క తగ్గించడం చాలావరకు మన చేతిలో ఉంది.

పొద్దున, సాయంత్రం పావుగంట సేపు కళ్లె బయటికి తీయించండి. ఏ పక్కకు పడుకోవాలో, ఊపిరి ఎలా వదలాలో ఫిజియోథెరపిస్టు ఒకసారి నేర్పిస్తే చాలు. మందులకంటే ముందు దీన్నే రాస్తాను, రోగులు ముందుగా మానేసేదీ దీన్నే.

ఇంట్లో నెబ్యులైజర్ (మందును ఆవిరిలా పీల్పించే యంత్రం) ఉంటే దాని కప్పులో వేలు పెట్టి చూడండి. పోయిన వేసవిలో పాకాల వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన సంచిలోంచి నెబ్యులైజర్ తీసిచ్చారు. కప్పు అడుగున వేలికి జిగురు తగిలింది, గొట్టంలో నీటి చుక్కలు నిలిచి ఉన్నాయి. వాడిన ప్రతిసారీ కుళాయి నీళ్లతో కడిగి మూత పెట్టేవారట. శుభ్రంగానే ఉంచుతున్నాననుకున్నారు పాపం. సూడోమోనాస్‌కు తడి ఉంటే చాలు, అక్కడే కాపురం పెడుతుంది. వాడాక కప్పును సబ్బుతో కడిగి, యంత్రంతో వచ్చిన కాగితంలో చెప్పిన పద్ధతిలో క్రిమిరహితం చేసి, మూత వేయకుండా పూర్తిగా ఆరనివ్వాలి.

మందుల షాపులో అడిగి మాత్రలు కొనకండి. దగ్గు రాగానే చాలామంది వేసుకునే అమాక్సిసిలిన్ ఈ క్రిమిని ఏమీ చేయలేదు. మాత్రల్లో దీనిమీద పనిచేసేది సిప్రోఫ్లాక్సాసిన్ వర్గం ఒక్కటే అనుకోవచ్చు. దాన్ని మూడు రోజులు వాడి మానేస్తే క్రిమి మొండికేస్తుంది, ఆ తర్వాత సూదులే గతి. రిపోర్టులో ఈ క్రిమి మొదటిసారి కనిపించి ఉంటే, దాన్ని పూర్తిగా తుడిచిపెట్టే ప్రయత్నం ఇప్పుడే చేయాలి. పాతుకుపోయాక అది కష్టం.

ఎక్కువసార్లు తిరగబెడుతుంటే కొందరికి నెలల తరబడి అజిత్రోమైసిన్ ఇస్తాం. అది సూడోమోనాస్‌ను చంపడానికి కాదు, నాళాల్లో వాపు తగ్గించడానికి. దానికి ముందు ఈసీజీ తీయాలి, వినికిడి సరిగా ఉందో లేదో చూడాలి. టీబీ తిరిగి రాలేదని, దాని జాతికే చెందిన ఇతర క్రిములు లేవని కళ్లె పరీక్షతో తేల్చుకోవాలి. నాన్నగారి విషయంలో ఈ చివరి పరీక్ష తప్పనిసరి.

తిరుపతిలో రుయా ఆసుపత్రికి గానీ స్విమ్స్ ఆసుపత్రికి గానీ తీసుకురండి. కల్చర్ కోసం ఇచ్చేది పొద్దున నోరు పుక్కిలించాక లోపలినుంచి దగ్గి తీసిన కళ్లె కావాలి, ఉమ్మి పనికిరాదు. పాత టీబీ కాగితాలు, స్కాన్ ఫిల్ములు, ఇప్పటిదాకా వాడిన మాత్రల అట్టలు అన్నీ తెండి. గత ఏడాదిలో ఆయన ఎన్నిసార్లు మంచాన పడ్డారో అమ్మను అడిగి నెలలతో సహా రాసుకురండి. అది ఆమెకే బాగా గుర్తుంటుంది.