పాట బాగుంటే రేడియోలో వస్తుందా?

ప్రశ్న: మాది ఖమ్మం. చాలా ఏళ్ళుగా టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. మా అమ్మాయికి 17 ఏళ్ళు, హైస్కూలు చివరి సంవత్సరం. చిన్నప్పుడు కర్ణాటక సంగీతం నేర్చుకుంది. నాలుగేళ్ళ నుంచి గిటార్ పట్టుకుని, అమెరికా పల్లెల్లో పుట్టిన ‘కంట్రీ’ శైలి పాటలు తానే రాసి పాడుతోంది. నాష్‌విల్ వెళ్ళి కంట్రీ గాయని అవుతానంటోంది. ఇటీవల ఒక రేడియో ప్రమోటర్ ఆమె పాటను స్టేషన్లలో వేయిస్తానని 18 వేల డాలర్లు అడిగాడు. పాట బాగుంటే రేడియోలో దానంతటదే రాదా? రికార్డు లేబుల్ ఉండి తీరాలా? ఈ డబ్బు కట్టవచ్చా?

జవాబు: ముందుగా డబ్బు సంగతి చెబుతాను. ఆ 18 వేల డాలర్లు కట్టకండి. అతను మోసగాడని నేను అనడం లేదు. స్వతంత్రంగా, నిజాయితీగా పనిచేసే రేడియో ప్రమోటర్లు కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్‌లో ఉన్నారు. అయితే మీ అమ్మాయి ఇప్పుడున్న దశలో ఆ పని ఎంత నిజాయితీగా చేసినా ఫలితం దక్కదు. ఎందుకు దక్కదో తెలియాలంటే కంట్రీ రేడియోలోకి ఒక పాట ఎలా ప్రవేశిస్తుందో, అందులో లేబుల్ (గాయకుల పాటలను రికార్డు చేసి విడుదల చేసే సంస్థ) ప్రమోషన్ విభాగం పాత్ర ఎంత ఉందో కొంత వివరంగా చూడాలి.

అమెరికాలో కంట్రీ పాటలు వేసే స్టేషన్లు రెండు వేలకు పైగా ఉన్నాయి. వాటిలో చార్టు లెక్కకు వచ్చేవి మాత్రం సుమారు 150. ఈ స్టేషన్లలో ఒక పాట ఎన్నిసార్లు మోగింది, మోగినప్పుడు ఎంతమంది వింటున్నారు అన్న లెక్క మీదనే పాటలకు స్థానాలిచ్చే బిల్‌బోర్డ్ పత్రిక వారి కంట్రీ ఎయిర్‌ప్లే చార్టు తయారవుతుంది. ఒక్కో స్టేషన్ ఒక సమయంలో తిప్పే కొత్త పాటలు ముప్పైకి అటూ ఇటూగా ఉంటాయి. మిగిలిన సమయమంతా పాత హిట్లదే. వారానికి ఖాళీ అయ్యేవి ఒకటి రెండు చోట్లు. స్టేషన్‌లో ఏ పాటలు వేయాలో చూసే ప్రోగ్రామ్ డైరెక్టర్ ఒక కొత్త పాటను ఆ జాబితాలో చేర్చుకోవడాన్ని అక్కడ ‘యాడ్’ అంటారు (మనం ప్రకటనకు వాడే యాడ్ వేరు, ఇది వేరు). పైగా, ఒకే సంస్థ దేశవ్యాప్తంగా ఎన్ని స్టేషన్లు కొనవచ్చునన్న పరిమితిని 1996 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టం ఎత్తివేశాక, నేడు ఐహార్ట్‌మీడియాగా పేరు మార్చుకున్న క్లియర్ ఛానల్ సంస్థ 1,200కు పైగా స్టేషన్లను సొంతం చేసుకుంది. కనుక చాలా ఊళ్ళలో ఏ పాట వేయాలన్న విషయం స్థానిక డైరెక్టర్ ఒక్కరి చేతిలో లేదు.

ఆ ఒకటి రెండు చోట్ల కోసం పోటీపడేది పాటలే అయినా, వాటి తరఫున వాదించేది లేబుల్ ప్రమోషన్ బృందాలు. దేశాన్ని ప్రాంతాలుగా పంచుకుని, ఒక్కో ప్రాంతానికి ఒక్కో ప్రతినిధిని పెట్టి, వారి పైన ఒక జాతీయ స్థాయి అధికారిని ఉంచడం నాష్‌విల్ పెద్ద లేబుళ్ళ పద్ధతి. ఈ ప్రతినిధికి తన ప్రాంతంలోని ప్రతి ప్రోగ్రామ్ డైరెక్టర్ అభిరుచి, ఆ ఊరి శ్రోతల తీరు, పక్క స్టేషన్‌తో ఉన్న పోటీ అన్నీ తెలిసి ఉంటాయి. వారం వారం ఫోన్ చేస్తాడు, నెలకోసారి వెళ్ళి కలుస్తాడు, పాట అర్ధరాత్రి మాత్రమే మోగుతుంటే పగటి వేళకు మార్చమని అడుగుతాడు. కొత్త గాయకులనైతే గిటార్‌తో సహా వెంటబెట్టుకుని నెలల తరబడి ఊరూరా తిప్పి, స్టేషన్ సిబ్బంది ఎదుట సమావేశపు గదిలో పాడిస్తాడు. దీనిని రేడియో టూర్ అంటారు. ఫోన్ ఎత్తితే మాట వినే ఆ పరిచయం ఏళ్ళ తరబడి కూడబెట్టుకున్నది. ఒక్క పాట కోసం బయటి నుంచి వచ్చి డబ్బు పెట్టినంతలో దొరికేది కాదు.

టేలర్ స్విఫ్ట్ ఉదాహరణను నేను తల్లిదండ్రులకు తరచుగా చెబుతుంటాను, కానీ వారు ఆశించే కారణానికి కాదు. 2006లో ఆమె తొలి సింగిల్ (విడిగా విడుదల చేసే పాట) వచ్చినప్పుడు బిగ్ మెషీన్ అప్పుడే పుట్టిన చిన్న లేబుల్. దానిని స్థాపించిన స్కాట్ బోర్చెట్టా మాత్రం అంతకుముందు పెద్ద లేబుళ్ళలో రేడియో ప్రమోషన్ విభాగాలను నడిపిన మనిషి. పదహారేళ్ళ ఆ అమ్మాయి నెలల తరబడి స్టేషన్ల చుట్టూ తిరిగింది, కలిసినవారికి చేతిరాతతో కృతజ్ఞతలు తెలుపుతూ చీటీలు రాసింది. ఆ పాట కంట్రీ చార్టులో 6వ స్థానం దాకా వెళ్ళింది. ప్రతిభ లేదని ఎవరూ అనలేరు. అయితే ఆ ప్రతిభను ఏ తలుపు దగ్గరకు ఎప్పుడు తీసుకెళ్ళాలో తెలిసినవాడు పక్కన ఉన్నాడన్నది మనం మరచిపోయే సగం.

ఇక కాలం. కంట్రీ రేడియోలో పాట పైకి ఎక్కడానికి పట్టే సమయం మన సినిమా పాటలకు అలవాటైనవారికి నమ్మశక్యం కాదు. ట్రావిస్ డెన్నింగ్ పాట ఒకటి 2020లో ఎయిర్‌ప్లే చార్టు మొదటి స్థానానికి చేరేసరికి 65 వారాలు గడిచాయి. అంటే ఏడాదికి పైగా ఆ లేబుల్ బృందం ఒకే పాటను వదలకుండా మోసింది. అందుకయ్యే ఖర్చు లక్షల డాలర్లలో ఉంటుంది. మధ్యలో ఎక్కడో నలభయ్యో స్థానం దగ్గర పాట ఆగిపోయినప్పుడు ఇంకా మోయాలా, దించేయాలా అన్న నిర్ణయం లేబుల్‌దే. శిఖరానికి దగ్గరగా వచ్చాక బృందమంతా ఒక వారాన్ని ఎంచుకుని, ఆ వారంలో వీలైనన్ని ఎక్కువసార్లు వేయమని స్టేషన్లను కోరడం కూడా ఆనవాయితీ. మొదటి స్థానంలో ఒక్క వారం నిలిచి మరుసటి వారమే కిందికి జారిపోయే పాటలు అక్కడ అంత ఎక్కువగా కనిపించడానికి ఇదొక కారణం. శ్రోతల ఇష్టం ఒక్క వారంలో అంతగా మారదు కదా.

లేబుల్ దొరికితే ఈ సమస్యలు తీరిపోతాయా అంటే, తీరవు. లేబుల్ లోపల కూడా వరుస ఉంటుంది. పేరున్న గాయకుడి కొత్త సింగిల్ వస్తే ప్రమోషన్ బృందం శక్తి అటు మళ్ళుతుంది, కొత్తవారి పాట నెలలు వెనక్కి జరుగుతుంది. ఆడపిల్ల తండ్రిగా మీరు తెలుసుకోవలసిన మరో విషయం ఉంది. 2015లో ఒక రేడియో కన్సల్టెంట్ శ్రోతలు పెరగాలంటే గాయనుల పాటలు తగ్గించండని బాహాటంగా సలహా ఇచ్చి, కంట్రీ రేడియో అనే సలాడ్‌లో మగ గాయకులు ఆకుకూర, ఆడవాళ్ళు పైన చల్లే టమాటా ముక్కలు అన్నాడు. పెద్ద దుమారం రేగింది. అయినా ఇద్దరు గాయనుల పాటలు వెంట వెంటనే వేయకపోవడమనే అలవాటు ఆ రంగంలో అంత తొందరగా పోలేదు. కేసీ మస్‌గ్రేవ్స్ 2019లో గ్రామీ ఉత్తమ ఆల్బమ్ పురస్కారం అందుకుంది. ఆ ఆల్బమ్ పాటలు కంట్రీ రేడియోలో పెద్దగా మోగనే లేదు.

ప్రమోషన్ లేకుండా పైకి వచ్చినవారు లేరా అని మీ అమ్మాయి అడుగుతుంది, అడగాలి కూడా. 1960లో లొరెట్టా లిన్, ఆమె భర్త కారులో స్టేషన్ నుంచి స్టేషన్‌కు తిరిగి తమ రికార్డును తామే చేతికిచ్చి, ఆ పాటను జాతీయ కంట్రీ చార్టులో 14వ స్థానం దాకా తీసుకెళ్ళారు. డిస్క్ జాకీయే పాట ఎంచుకునే రోజులవి, నేడు ఆ దారి దాదాపు మూసుకుపోయింది. క్రిస్ స్టేపుల్టన్‌కు పెద్ద లేబుల్ ఉండి కూడా 2013లో వచ్చిన తొలి సోలో సింగిల్ చార్టు అడుగునే ఆగిపోయింది. 2015 నవంబరులో సీఎంఏ (కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్) పురస్కారాల వేదిక మీద పాప్ గాయకుడు జస్టిన్ టింబర్‌లేక్‌తో కలిసి పాడిన ఒక్క రాత్రి ఆయన ఆల్బమ్‌ను దేశంలో మొదటి స్థానానికి తెచ్చింది. 2023 ఆగస్టులో ఆలివర్ ఆంథొనీ ఏ లేబుల్ లేకుండా, ఆన్‌లైన్‌లో వ్యాపించిన ఒక్క వీడియోతో అన్ని రకాల పాటలకూ కలిపి బిల్‌బోర్డ్ ఇచ్చే హాట్ 100 చార్టులో నేరుగా మొదటి స్థానంలోకి వచ్చాడు. వీటిలో చివరి రెండూ రేడియో బయట జరిగాయని గమనించండి. శ్రోతలను సంపాదించడానికి నేడు రేడియో తప్పనిసరి కాదు. రేడియోలో విజయం కావాలంటే మాత్రం ప్రమోషన్ తప్పనిసరి. ఈ రెండింటినీ ఒకటిగా కలిపి చూడడం వల్లనే మీ ప్రశ్న కష్టంగా కనిపిస్తోంది.

రేడియో నుంచి వచ్చే రాబడి గురించి కూడా చాలామందికి తెలియదు. అమెరికాలో ఏఎం, ఎఫ్ఎం స్టేషన్లు పాట వేసినందుకు రాయల్టీ చెల్లించేది పాట రాసినవారికి, వారి పబ్లిషర్‌కు (పాట హక్కులు చూసే సంస్థకు) మాత్రమే. పాడినవారికి చట్టప్రకారం ఏమీ రాదు. శాటిలైట్, ఇంటర్నెట్ రేడియోలు పాడినవారికీ చెల్లిస్తాయి. మీ అమ్మాయి తన పాటలు తానే రాసుకోవడం అందుకే ఆమెకున్న అన్నిటికంటే పెద్ద ఆస్తి. గాయనిగా పేరు రావడానికి పదేళ్ళు పట్టినా, రచయిత్రిగా ఆమె పాట మరొకరి గొంతులో రేడియోకు చేరవచ్చు.

ఇప్పుడు ఆ ప్రమోటర్ మాట. పాట వేయడానికి స్టేషన్‌కు రహస్యంగా డబ్బు ముట్టజెప్పడాన్ని పేయోలా అంటారు. ప్రసారంలో ఆ సంగతి వెల్లడించకపోతే అది నేరమని 1960లోనే చట్టం చేశారు. ఇలాంటి ఆరోపణల మీద 2005లో రికార్డు సంస్థ సోనీ బీఎంజీ న్యూయార్క్ అటార్నీ జనరల్‌తో రాజీకి వచ్చి కోటి డాలర్లు చెల్లించింది. 2007లో నాలుగు పెద్ద రేడియో సంస్థలు కలిసి అమెరికా ప్రసార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీకి 1.25 కోట్ల డాలర్లు కట్టాయి. కనుక ‘ఇన్ని స్టేషన్లలో ఇన్నిసార్లు వేయిస్తాను’ అని ఎవరైనా హామీ ఇస్తే అక్కడితో మాట ఆపండి. నిజమైన ప్రమోటర్ ప్రయత్నిస్తానని మాత్రమే అనగలడు. అతను చెప్పే స్టేషన్లలో చార్టు లెక్కకు వచ్చేవి ఎన్నో రాతపూర్వకంగా అడగండి. సాధారణంగా ఆ జవాబుతోనే విషయం తేలిపోతుంది.

మీరు టెక్సస్‌లో ఉండడం అదృష్టం. ఆ రాష్ట్రానికి నాష్‌విల్‌తో నిమిత్తం లేని సొంత కంట్రీ రంగం, సొంత ప్రాంతీయ రేడియో చార్టు ఉన్నాయి. అబిలీన్‌లో స్థిరపడిన ఆరన్ వాట్సన్ పెద్ద లేబుల్ లేకుండానే 2015లో బిల్‌బోర్డ్ కంట్రీ ఆల్బమ్‌ల చార్టులో మొదటి స్థానం సాధించాడు. అప్పటికి పదిహేనేళ్ళుగా టెక్సస్ డాన్స్ హాళ్ళలో పాడుతూ ఉన్నాడు. చదువు విషయానికి వస్తే, లెవెల్‌లాండ్‌లోని సౌత్ ప్లెయిన్స్ కాలేజీ రెండేళ్ళ కాలేజీయే అయినా కంట్రీ, దానికి దగ్గరి శైలి అయిన బ్లూగ్రాస్ సంగీత శిక్షణకు పేరున్నది, రాష్ట్రవాసులకు ఫీజు తక్కువ. నాష్‌విల్‌లోని బెల్మాంట్ విశ్వవిద్యాలయం, దగ్గరలోని మర్‌ఫ్రీస్‌బరోలో మిడిల్ టెనెసీ స్టేట్ విశ్వవిద్యాలయం సంగీత వ్యాపారంలో డిగ్రీలు ఇస్తాయి. బెల్మాంట్ ప్రైవేటు సంస్థ కాబట్టి ఖర్చు బాగా ఎక్కువ. రెండేళ్ళు లెవెల్‌లాండ్‌లో చదివి, తరువాత మర్‌ఫ్రీస్‌బరోకు మారడం మీ కుటుంబానికి సరిపోతుందని నా అభిప్రాయం, అయితే క్రెడిట్లు బదిలీ అవుతాయో లేదో చేరకముందే కనుక్కోండి. ఆ డిగ్రీ చేతిలో ఉంటే, గాయనిగా నిలదొక్కుకునే లోపల ఇంతసేపు చెప్పుకున్న ప్రమోషన్ విభాగాల్లోనే ఉద్యోగం చేయవచ్చు. తలుపు లోపలి వైపు నుంచి ఆ పని చూసినవారు తరువాత తమ ఒప్పందాన్ని తెలివిగా చదువుకుంటారు.

ఎప్పుడైనా లేబుల్ ఒప్పందం ముందుకు వస్తే, సంగీత రంగపు న్యాయవాదిని తోడు తీసుకుని వెళ్ళండి. ప్రమోషన్ బృందంలో ఎంతమంది ఉన్నారు, రేడియోకు కనీసం ఎన్ని సింగిళ్ళు పంపుతామని రాసి ఇస్తారు, ఆ ఖర్చును ఆమె రాబడిలో నుంచి తిరిగి రాబట్టుకుంటారా అన్నవి అడ్వాన్సు మొత్తం కంటే ముందు అడగండి. ఈ వేసవికి మాత్రం ఆ 18 వేలలో కొద్ది భాగంతో ఆమె పాటలు మూడింటిని మంచి స్టూడియోలో రికార్డు చేయించి, ఒక వారం నాష్‌విల్ తీసుకెళ్ళండి. బ్లూబర్డ్ కఫేలో సోమవారాలు కొత్తవారికి పాడే అవకాశం ఇస్తారు. తొంభై మంది పట్టే గది అది. తన పాటకు అక్కడివారు ఎక్కడ తలెత్తి చూశారో, ఎక్కడ ఫోన్లలోకి తల దించారో ఆమెనే గమనించుకోనివ్వండి.