చిలక కత్తిపీటకి ప్రొవిజినల్ వేసిన నా కథ

"మా ప్రొడక్ట్ డిజైన్ ఎవరూ కాపీ కొట్టకుండా ముందు ప్రొవిజినల్ అప్లికేషన్ వేసేస్తే సరిపోతుందా, పేటెంట్ సంగతి తర్వాత చూసుకోవచ్చా?" అని ఒకరు నన్ను అడిగారు. సరిపోదు. ఎందుకు సరిపోదో నా సొమ్ము పోగొట్టుకుని తెలుసుకున్నాను.

హైదరాబాద్ బాలానగర్‌లో మాది చిన్న షెడ్డు, కాస్టింగ్ పని. మోకాళ్ల నొప్పులతో మా అమ్మ కత్తిపీట ముందు కూర్చోలేక చాకుతో తంటాలు పడుతుంటే, వంటింటి గట్టుకి బిగించుకుని నిలబడి తరుక్కునే కత్తిపీట ఒకటి చేశాను. పీట బదులు అల్యూమినియంతో పోసిన చిలక. దాని వీపులోంచి కత్తి లేస్తుంది, కత్తి కొసన కొబ్బరి కోరే పళ్లు. చెక్క ప్యాటర్న్‌లో చిన్న పెచ్చు లేచిపోయి చిలక కంటి కింద గోటితో గిచ్చినట్టు ఒక గీత పడింది. రేపు సరిచేద్దాం, ఎల్లుండి సరిచేద్దాం అనుకుంటూనే నూట యాభై పోసేశాను.

2022 ఆగస్టులో ప్రొవిజినల్, అంటే పేటెంట్ కోసం ముందుగా తేదీ పట్టి ఉంచే దరఖాస్తు, వేశాను. వ్యక్తిగా ఆన్‌లైన్‌లో వేస్తే ఫీజు 1,600 రూపాయలే. ఆ సాయంత్రం షెడ్డులో అందరికీ మిర్చి బజ్జీలు. మర్నాడే 'పేటెంట్ పెండింగ్' స్టిక్కర్లు కొట్టించాను. వాటికైన ఖర్చు అప్లికేషన్ ఖర్చుని మించిపోయింది.

ప్రొవిజినల్ అంటే బస్సు కిటికీలోంచి సీటు మీద కర్చీఫ్ వేయడం. పన్నెండు నెలల్లోపు కంప్లీట్ స్పెసిఫికేషన్, అంటే పూర్తి వివరాల పత్రం, వేసి ఎక్కి కూర్చోకపోతే సీటూ పోతుంది, కర్చీఫూ పోతుంది. కూర్చున్నా, పేటెంట్ చూసేది వస్తువు పనిచేసే తీరుని. కంటికి కనిపించే ఆకారానికి డిజైన్స్ యాక్ట్, 2000 అని వేరే చట్టం ఉంది, ఆ దరఖాస్తులు చూసేది కోల్‌కతాలో. అక్కడ ప్రొవిజినల్ అనే ఏర్పాటే లేదు. వరంగల్ వెళ్లాల్సినవాణ్ని గుంటూరు బస్సులో కర్చీఫ్ వేసి ధీమాగా టీ తాగుతున్నానన్నమాట.

2023 జనవరిలో నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో మా బావమరిది స్టాల్లో ఓ మూల అడిగి పెట్టాను. బాగానే అమ్ముడయ్యాయి. మేనల్లుడు రీల్ కూడా తీసి పెట్టాడు, అదీ బాగానే తిరిగింది.

జూన్‌లో స్టీలు డబ్బాల కోసం బేగంబజార్ వెళ్లాను. ఒక దుకాణం ముందు ప్లాస్టిక్ టబ్బు నిండా నా చిలకలు. నేను 520కి అమ్మేది అక్కడ 350. ఒకటి చేతిలోకి తీసుకున్నాను. అంచులకి ఆకురాయి కూడా సరిగ్గా పట్టలేదు. బొటనవేలితో కంటి కింద తడిమాను. గీత ఉంది! నా చిలకనే ఇసకలో అద్ది అచ్చు తీశారు. అల్యూమినియం చల్లారితే కాస్త ముడుచుకుంటుంది కదా, అందుకే ఒక రవ్వ చిన్నది కూడా. కనీసం ఆ గీతైనా పూడ్చుకోలేదు సన్నాసులు.

"అన్నా, ఈ మాల్ ఎక్కడిది?" అని అడిగితే, "డజను తీస్కుంటే మూడొందలకిస్త" అన్నాడు దుకాణం ఆయన. జేబులోంచి నా స్టిక్కర్ తీసి చూపించి, "దీనికి పేటెంట్ పెండింగ్ ఉంది" అన్నాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "పెండింగే కదన్నా" అన్నాడు.

అడ్వకేట్ దగ్గరికి పరిగెత్తితే ఆయనా అదే మాట మర్యాదగా చెప్పారు. పేటెంట్ చేతికి రాకుండా దావా వేయలేం. పోనీ ఆకారాన్ని ఇప్పుడు రిజిస్టర్ చేయిద్దామంటే, దరఖాస్తు తేదీకి ముందే బయట కనిపించిన డిజైన్ కొత్తది కాదు, బయటపెట్టింది నేనే అయినా సరే. ప్రదర్శనలకి ఒక మినహాయింపు ఉంది కానీ, అది కేంద్రం నోటిఫై చేసిన వాటికే. ముందుగా డిజైన్ల అధికారి కంట్రోలర్‌కి నోటీసు ఇవ్వాలి, ఆరు నెలల్లోపు దరఖాస్తు వేయాలి. మనం ఇచ్చిన నోటీసల్లా మేనల్లుడి రీలే.

ఇంకో దెబ్బ. ప్రొవిజినల్లో నేను రాసింది స్క్రూ తిప్పి బిగించే క్లాంపు. నుమాయిష్‌కి వచ్చేసరికి ఒక్క నొక్కుతో పట్టేసే లీవర్ పెట్టాను. ప్రొవిజినల్లో లేని ముక్కకి ఆ తేదీ వర్తించదు, పైగా దాన్నీ నేనే జనానికి చూపించేశాను. కంప్లీట్ వేయకుండా ఆగస్టు గడువు దాటనిచ్చి వదిలేశాను.

డాలస్‌లో ఉండే మా కజిన్ అప్పట్లో ఒక యూట్యూబ్ వీడియో పంపాడు, బయటపెట్టాక కూడా ఏడాది టైమ్ ఉంటుందని. అది అమెరికా సంగతి నాయనా! అక్కడ కూడా డిజైన్ పేటెంటుకి ప్రొవిజినల్ తేదీ పనికిరాదు. స్టార్టప్ మీటింగుల్లో మైకు పట్టుకుని "ఐడియా రాగానే ప్రొవిజినల్ వేసేయండి" అనేవాళ్లు ఈ మాట ఎందుకు చెప్పరో.

మాలాంటి చిన్న తయారీదారులకి పేటెంట్ కంటే డిజైన్ రిజిస్ట్రేషనే మేలు, ఎవరు కాదన్నా నా మాట ఇదే. తర్వాత చేసిన నెమలి మోడల్‌కి ఒక్క పీస్ కూడా బయటికి పోకముందే అన్ని వైపుల బొమ్మలతో 1,000 రూపాయలు కట్టి వేశాను. పదేళ్లు, ఆపైన ఇంకో అయిదేళ్లు పొడిగించుకోవచ్చు. కాపీ కొట్టినవాడి మీద చట్టం రాసిన మొత్తం మాత్రం ఉల్లంఘనకి 25,000, ఒక డిజైన్‌కి అంతా కలిపి 50,000 దాటదు. 2000లో రాసిన అంకె, వినడానికే నవ్వొస్తుంది. అది వద్దనుకుంటే నష్టపరిహారానికి, కాపీ ఆపమనే కోర్టు ఆర్డరుకి (ఇంజంక్షన్) దావా వేసుకోవచ్చు.

మీరు ఇంకా ఫొటో ఎక్కడా పెట్టకపోతే ముందు డిజైన్ దరఖాస్తు వేయండి. పనిచేసే తీరులో నిజంగా కొత్తదనం ఉంటే దానికి ప్రొవిజినల్ వేరే వేయండి, చివరి మోడల్ దాకా ఆలోచించి రాయండి.

మొన్న సంక్రాంతికి అత్తగారింటికి వెళ్తే వంటింటి గట్టుకి చిలక బిగించి ఉంది. ఎవరూ చూడకుండా టేపు పెట్టి కొలిచాను. మూడు మిల్లీమీటర్లు తక్కువ. ఏమీ అనకుండా దాని మీదే ఉప్మాకి ఉల్లిపాయలు తరిగిచ్చాను.