ఒక కన్ను పూర్తిగా పోయినా 30 శాతమేనా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతోంది. చిన్నప్పుడు దెబ్బ తగిలి ఎడమ కంటి చూపు పూర్తిగా పోయింది. కుడి కన్ను బాగానే ఉంది. సదరం వైద్య శిబిరంలో వైకల్యం 30 శాతమని రాశారు. 40 శాతం లేకపోతే సీటుకైనా, ఉద్యోగానికైనా దివ్యాంగుల కోటా రాదంటున్నారు. ఒక కన్ను లేకపోతే సగం చూపు పోయినట్టే కదా? వేరే జిల్లాలో మళ్లీ చూపిస్తే శాతం పెరుగుతుందా? ఆ దెబ్బకే విరిగిన కుడి మోచెయ్యి కూడా ఆమెకు పూర్తిగా చాపడం రాదు.
– ఒక తండ్రి, ఖమ్మం జిల్లా

జవాబు: మీ బాధ నాకు అర్థమైంది. అయినా కంటి విషయంలో వైద్యులు రాసిన 30 శాతం నిబంధనల ప్రకారం సరైనదేనని ముందుగా చెప్పాలి. దివ్యాంగుల హక్కుల చట్టం 2016 కింద కేంద్రం ప్రకటించిన అంచనా పట్టికలో, మెరుగైన కంటి చూపు అద్దాలతో 6/18 (మామూలు చూపున్నవారు 18 మీటర్ల నుంచి చదివేదాన్ని 6 మీటర్ల నుంచి చదవగలగడం) లేదా అంతకంటే మంచిగా ఉంటే, రెండో కంటికి వెలుతురు కూడా తెలియకపోయినా వైకల్యం 30 శాతమే అవుతుంది. ఆ పట్టిక పోయిన అవయవాన్ని లెక్కించదు. మిగిలిన చూపుతో మనిషి ఎంతవరకు పని చేసుకోగలడో లెక్కిస్తుంది. వినికిడికి కూడా ఇదే పద్ధతి: మెరుగైన చెవి శాతాన్ని అయిదుతో గుణించి, రెండో చెవి శాతాన్ని కలిపి, ఆరుతో భాగిస్తారు. అందుకే ఒక చెవి మాత్రమే వినిపించని వారికి చాలా తక్కువ శాతం వస్తుంది.

పట్టిక దేశమంతటికీ ఒక్కటే కాబట్టి, జిల్లా మారినంత మాత్రాన కంటి శాతం మారదు. కొలతలోనే పొరపాటు జరిగిందని నమ్మడానికి ఆధారం ఉంటే చట్టంలోని 59వ సెక్షన్ కింద అప్పీలు చేసుకోవచ్చు. అంతేగాని, శాతం పెంచి ఇప్పిస్తామనే మధ్యవర్తుల మాట దయచేసి వినకండి. మోసపూరితంగా దివ్యాంగుల ప్రయోజనాలు పొందితే 91వ సెక్షన్ ప్రకారం రెండేళ్ల వరకు జైలు గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. పైగా ఉద్యోగంలో చేరే ముందు మళ్లీ వైద్య పరీక్ష ఉంటుంది గనుక, ఆ దశలో బయటపడితే నష్టపోయేది మీ అమ్మాయే.

నా దృష్టిలో మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైనది మీరు చివర రాసిన మోచేతి సంగతి. కంటికి సంబంధించిన వైద్యుడు కంటినే పరీక్షిస్తారు. చెయ్యిని ఎముకల వైద్యుడు విడిగా అంచనా వేయాలి. కీలు ఎంతవరకు వంగుతోంది, కండరాల బలం ఎంత అన్నవాటితో పాటు, జడ అల్లుకోవడం, బొత్తాలు పెట్టుకోవడం, గ్లాసుతో నీళ్లు తాగడం, రాయడం వంటి పనులు ఆ చేత్తో చేయగలదా అని కూడా చూస్తారు. రెండు వైకల్యాలున్నప్పుడు శాతాలను నేరుగా కూడరు. 90లో నుంచి పెద్ద శాతాన్ని తీసివేసి, వచ్చినదాన్ని చిన్న శాతంతో గుణించి, 90తో భాగించి, ఆ ఫలితాన్ని పెద్ద శాతానికి కలుపుతారు. కన్ను 30, చెయ్యి 15 అని తేలితే, రెండోదాని నుంచి 10 మాత్రమే కలిసి మొత్తం 40 అవుతుంది. చెయ్యికి ఎంత ఇవ్వాలన్నది వైద్య బోర్డు నిర్ణయం. మీరు చేయవలసింది పాత ఎక్స్‌రేలు, శస్త్రచికిత్స కాగితాలు తీసుకుని, పరీక్షకు స్లాట్ తీసుకునేటప్పుడే రెండు వైకల్యాలనూ నమోదు చేయించడం.

మొత్తం 40కి చేరితే ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు, ప్రభుత్వ ఉద్యోగాల్లో కనీసం 4 శాతం ఖాళీలు కేటాయించిన వర్గంలో ఆమె పోటీ పడవచ్చు. చేరకపోయినా అన్నీ మూసుకుపోవు. కుడి చెయ్యి కారణంగా వేగంగా రాయలేకపోతుంటే, 40 శాతం కంటే తక్కువ ఉన్నవారికీ లేఖకుడి (పరీక్షలో చెప్పింది రాసిపెట్టే వ్యక్తి) సహాయం గాని, గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం గాని ఇచ్చే మార్గదర్శకాలను, లేఖకుడి కోసం పోరాడిన సివిల్స్ అభ్యర్థి వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2021లో ఇచ్చిన తీర్పు తరువాత, కేంద్రం 2022 ఆగస్టులో జారీ చేసింది. దానికి నిర్ణీత నమూనాలో వేరే వైద్య ధ్రువపత్రం కావాలి గనుక, దరఖాస్తు గడువుకు ముందే సిద్ధం చేసుకోండి.

కోర్సు ఎంచుకునే ముందు ఇంకొక్క మాట. శాతం ఎంతైనా, కొన్ని ఉద్యోగాలకు వాటి సొంత వైద్య ప్రమాణాలుంటాయి. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్‌కు (రైలింజన్ సహాయ డ్రైవర్‌కు) అద్దాలు లేకుండా రెండు కళ్లకూ 6/6 చూపు ఉండాలి కాబట్టి, ఆమె దాని కోసం ఏళ్ల తరబడి సిద్ధమవడం నాకు ఇష్టం లేదు. కంప్యూటర్ సైన్స్, ఎలక్ట్రానిక్స్ వంటి చదువులకు ఒక కంటి చూపు అడ్డు కాదు. లక్ష్యంగా పెట్టుకున్న ప్రతి ఉద్యోగానికీ గత నోటిఫికేషన్ తెరిచి, అందులోని వైద్య ప్రమాణాల భాగాన్ని అమ్మాయితో కలిసి ఇప్పుడే చదవండి.